దీమం పిట్ట ఫోనులోకి ఎక్కిన కాలం

అటవీశాఖలో వాచర్ పని అంటే ఖాకీ చొక్కా తొడుక్కుని కర్ర ఊపుకుంటూ తిరగడం అనుకుని చేరినవాళ్ళు మొదటి ఎండాకాలానికే మానేస్తారు. మానేస్తే మంచిదే. మిగిలినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నల్లమలలో పనిచేసి దిగినవాళ్ళకు పులి కథలుంటాయి. నాగర్‌కర్నూల్‌లో మీటింగు పెట్టినప్పుడు వాళ్ళు మాట్లాడుతుంటే అందరూ నోరు తెరుచుకుని వింటారు. గద్వాల, వనపర్తి వైపు పనిచేసిన మాకు పులి లేదు. రాళ్ళగుట్టలు, ముళ్ళకంపలు, బీళ్ళు, వాటి మధ్య వేరుశనగ చేలు. వాటిలో జింకలు, కుందేళ్ళు, కౌజు పిట్టలు. నా ఉద్యోగంలో సగం ఈ కౌజు పిట్టలకే పోయింది. పెళ్ళయిన కొత్తలో నా భార్య అనేది: "పులులను కాపాడేటోడు అని చెప్పి మా నాయిన పిల్లనిచ్చిండు. ఈడ చూస్తే పిట్టల కావలి!"

కౌజు పిట్ట మీలో కొందరికి తెలియకపోవచ్చు. కోడిపిల్లకంటే కొంచెం పెద్దది. ఒంటి నిండా మట్టిరంగు చారలు. తరిమితే పరిగెత్తుతుంది, తప్పనిసరైతేనే ఎగురుతుంది. తెల్లవారుతుండగా మగ పిట్ట ఏ రాయి మీదనో ఎక్కి అరుస్తుంది. ఆ అరుపు పాటలాగా ఉంటుందని పట్నం నుంచి వచ్చేవాళ్ళు అంటారు. అది పాట కాదు. "ఈ జాగా నాది, మొగోడివైతే రా" అని సవాలు. ఆ రోషాన్ని పట్టుకునే మనిషి దాన్ని చంపుతాడు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

పట్టే పద్ధతి ఇది. పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచి మచ్చిక చేసిన మగ కౌజును వెదురు పంజరంలో పెట్టి బీడులో దించుతారు. దాన్ని దీమం పిట్ట అంటారు. చుట్టూ గుర్రపు వెంట్రుకలతో అల్లిన ఉచ్చులు పాతుతారు. దీమం అరుస్తుంది. బీడులో ఉన్న పిట్టకు కోపం వస్తుంది. నా జాగాలో ఎవడ్రా అని కొట్లాటకు వస్తుంది. కాలో మెడో ఉచ్చులో పడుతుంది.

చట్టం దీన్ని నేరం అంటుంది. నేనూ నేరమే అంటాను. ఆ మాట ముందే చెప్పి, తర్వాత ఒక వేటగాడి గురించి చెబుతాను. నాకు పని నేర్పినవాళ్ళలో అతనొకడు.

బాలన్న

బాలన్నది గద్వాల వైపు గట్టు అనే ఊరి దగ్గర పల్లె. మూడు తరాల నుంచి వాళ్ళ ఇంట్లో దీమం పిట్ట ఉండేది. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. వరుసేమీ లేకపోయినా నన్ను అల్లుడా అని పిలిచేవాడు. ఎందుకని అడిగితే, "చెప్పకుండ ఇంటికొచ్చి గోలెం, గంప, గాబు అన్ని ఎతికేటోడు అల్లుడు కాకపోతే ఇంకెవడు?" అనేవాడు.

చేరిన కొత్తలో బాలన్నను పట్టుకుందామని నక్కలబండ గుట్ట కింద తెల్లవారుజామున కాచుకున్నాను. పిట్ట అరిచింది. ఇదే దీమం అనుకుని వంగి వంగి పోయాను. అరుపు కొంచెం పక్కకు జరిగింది. నేనూ జరిగాను. ముళ్ళు గీరుకుపోయి, మోకాళ్ళు పగిలి, పొద్దు బాగా ఎక్కేదాకా దాని వెంట పడ్డాను. చివరికి చూస్తే అది అడవి పిట్టే. గుట్ట మీద బండ మీద కూర్చుని బాలన్న బీడీ తాగుతున్నాడు.

"అల్లుడా, దండాలు. ఏందట్ల కుందేలు లెక్క దుంకుతున్నవ్? నడుము పట్టిందా?"

"దీమం యాడ పెట్టినవ్, చెప్పు."

"ఇయ్యాల తేలేదు. నువ్వు తిరుగుతుంటే సూడనీకె వచ్చిన. సినిమాకు పైసలు దండుగ."

నాకు ఒళ్ళు మండింది. కానీ దిగిపోయేటప్పుడు అతనే చెప్పాడు: "పంజరంల ఉన్నది యాడికి పోతదిరా? ఒక్క కాడ్నే ఉండి అరుస్తది. జాగ మారితే అది అడివిది. గద్దొస్తె అడివిది గప్పున నోరు మూసుకుంటది. దీమం కూడ మూసుకుంటది గానీ, పంజరానికి గుడ్డ కప్పెటోడు పక్కన్నే ఉంటడు కాబట్టి జల్ది మల్ల తెరుస్తది." పట్టుకునేవాడికి పట్టుబడేవాడు పాఠం చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. మళ్ళీ వానలు రాకముందే ఆ పాఠంతోనే అతన్ని పట్టుకున్నాను. కేసు రాశారు, జరిమానా కట్టాడు. "నా మంత్రం నాకే అప్పజెప్పినవ్" అని నవ్వాడు తప్ప మాట అనలేదు.

ఈ పాత వేటగాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఏ కుటుంబం ఏ గుట్ట చుట్టూ పట్టాలో వాళ్ళలో వాళ్ళకు తెలుసు. వాగు ఇవతల ఒకరిది, అవతల ఒకరిది. అల్లుడికి పెళ్ళిలో ఒక బీడు రాసిచ్చినట్టు ఇచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. ప్రభుత్వ భూమి! పక్కవాడి బీడులో దీమం దించితే పంచాయతీ పెట్టేవారు, పంజరం విరగ్గొట్టేవారు. తన బీడు తనకే ఉన్నవాడు దాన్ని ఖాళీ చేసుకోడు. జత కట్టి గుడ్లు పెట్టే కాలంలో దించేవారు కాదు. ఒక ఏడు పట్టిన గుట్టకు మరుసటి ఏడు పోయేవారు కాదు. పుణ్యం కోసం కాదు, మళ్ళీ దొరకాలని. కారణం ఏదైతేనేం, పిట్ట మిగిలేది.

బాలన్న మానేసిన సంగతి చెప్పాలి. నా కేసులకు భయపడి మానలేదు. వరుసగా వానలు రాని ఏళ్ళలో ఒక పొద్దున అతనే ఆఫీసుకు వచ్చి ఉచ్చుల కట్ట నా ముందు పడేశాడు.

"ఏంది మామా, లొంగిపోనీకె వచ్చినవా?"

"రాజిగాడు పొద్దెక్కిందాక అరిచిండు అల్లుడా. ఒక్కటన్న పలకలె. ఇగ ఎవల్ని పట్టాలె?"

రాజిగాడంటే అతని దీమం పిట్ట. పంజరం మాత్రం తేలేదు. మచ్చిక పిట్టను బీడులో వదిలితే ఆ సాయంత్రానికే పిల్లి నోట్లో ఉంటుంది. పంజరంలో ఉంచడమూ చట్టప్రకారం తప్పే. మా రేంజర్ సారుతో చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏ పిట్ట?" అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

చెవులున్న సారు

ఆ రేంజర్ సారు గురించి రెండు మాటలు. ఆయన దగ్గర పనిచేసినన్ని రోజులు నేను జీపు ఎక్కలేదు. ఆయన కూడా ఎక్కేవాడు కాదు. పొద్దున్నే నడిపించేవాడు. మధ్యలో ఆగి, "ఏం వినిపిస్తుంది?" అని అడిగేవాడు. ఏమీ లేదంటే ఇంకాసేపు నిలబెట్టేవాడు. నీళ్ళు తాగుదామన్నా నిలబెట్టేవాడు. అప్పుడు తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఏమీ వినిపించకపోవడమే పెద్ద వార్త అని. పిట్టలు అరవవలసిన పొద్దున అరవకపోతే అక్కడ మనిషన్నా ఉండాలి, పామన్నా ఉండాలి.

నాతో అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. అప్పటికి నా గడ్డం నెరవడం మొదలైంది. పంచనామా కాగితాల మీద నేను వేలిముద్ర వేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "నర్సింలూ, దీంట్ల నీ పేరే దొంగ అని రాసిననుకో. ఏం జేస్తవ్?" అన్నాడు. ఆ రాత్రి నుంచే పలక. నా భార్య నవ్వింది, నా పిల్లలు నవ్వారు, నేను మానలేదు. కొత్తవాళ్ళకు చెబుతున్నాను: చదువు వచ్చిన మీరు కూడా చదవకుండానే సంతకాలు పెడుతున్నారు. అదీ వేలిముద్రే.

మంచి సార్లే వచ్చారని అబద్ధం చెప్పను. ఒకాయన వచ్చిన దగ్గరి నుంచి పోయేదాకా గుట్ట ఎక్కలేదు. అయినా ఆయన వల్ల పిట్టలకు చెడు జరగలేదు. జరిగింది తర్వాత.

ఎర్ర గుర్తు

ఫోన్లు వచ్చి వేటను ఎలా మార్చాయో నేను కళ్ళారా చూశాను. తిట్టడానికి రాయడం లేదు. మాకు కూడా ఫోను ఇచ్చారు. అందులో మ్యాపు ఉంటుంది. అంతకుముందు గుట్ట వెనక మంట లేస్తే పొగ చూసి, నడిచి, చేరేలోపు బీడంతా బూడిద. ఇప్పుడు ఎక్కడ అంటుకుందో ఫోనులో గుర్తు వస్తుంది. ఎన్ని గూళ్ళు కాలకుండా మిగిలాయో. అది మంచిది కాదంటే నా నాలుక పడిపోతుంది.

అదే మ్యాపులో మనం తిరిగిన దారి గీతలాగా పడుతుంది. దాంతో కొందరు బండి మీద చుట్టూ తిరిగి వచ్చి గీత చూపిస్తున్నారు. గీత బాగానే ఉంటుంది. బండి చప్పుడులో ఏం విన్నావని అడిగితే మొహం చూస్తారు.

వేటకు వచ్చేవాళ్ళకు కూడా అదే మ్యాపు. ఒకడు ఒక బీడులో పిట్ట పట్టి, అక్కడ ఎర్ర గుర్తు పెట్టి దోస్తులకు పంపుతాడు. ఆ దోస్తు ఇంకొకరికి. ఆదివారం వచ్చేసరికి ధరూర్ వైపు మట్టిదారిలో కార్లు. అందులోని పిల్లలకు వాగు ఎవరిది, బీడు ఎవరిది తెలియదు, అడగాల్సిన మనిషి ఒకడు ఉన్నాడనే తెలియదు. బాలన్న లాంటివాళ్ళు తరాల తరబడి నోరు విప్పని జాగాలు అరచేతిలోకి వచ్చేశాయి. పట్టుకున్నాక మళ్ళీ రావాలన్న ఆలోచన లేదు. ఇంకో గుర్తు ఉంటుంది కదా, అక్కడికి పోతారు.

ఉచ్చులు ఎలా కట్టాలో వీడియోలో చూసి కడతారు. గుర్రపు వెంట్రుకల ఉచ్చు అల్లడానికి బాలన్నకు ఒక చలికాలం పట్టేది. వీళ్ళు నైలాన్ దారంతో మధ్యాహ్నంలోపు చుట్టేస్తారు. పోయేటప్పుడు తీసుకుపోరు. నైలాన్ కుళ్ళదు. వాళ్ళు ఇంటికి పోయి పడుకున్నా ఆ ఉచ్చు పనిచేస్తూనే ఉంటుంది. అందులో ఉడుము పడుతుంది, మేకపిల్ల కాలు పడుతుంది.

అన్నిటికంటే చెడ్డది అరుపు. పిట్టను పెంచే ఓపిక ఎవరికుంది? ఫోనులో కౌజు అరుపు దొరుకుతుంది. చిన్న స్పీకరు పొదలో పెట్టి వదిలేస్తారు. దీమం పిట్ట అలసిపోతుంది, దాహమేస్తుంది, గద్ద నీడకు భయపడుతుంది. ఆ మధ్యలో అడవి పిట్టకు తప్పించుకునే సందు దొరుకుతుంది. స్పీకరుకు అలుపు లేదు, భయం లేదు. మగ పిట్ట రోజంతా మేత మాని, పెట్టను, పిల్లలను వదిలి, కనబడని శత్రువు కోసం ఆ పొదలన్నీ తిరుగుతుంది. ఉచ్చులో పడకపోయినా చిక్కిపోతుంది. అలాంటి పిట్టను నా చేతులతో పట్టుకున్నాను. దూది లాగా ఉంది.

ఆ పొద్దున

ఇక బాలన్న మీద పడిన కేసు గురించి. ఇంకొన్నాళ్ళలో నా ఉద్యోగం అయిపోతుందనగా జరిగింది.

అప్పటికి రాజిగాడు చచ్చి ఏడాది దాటింది. ముసలితనంతో చచ్చింది. పూడ్చిపెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. బాలన్నకు కళ్ళలో పొర వచ్చింది, వెలుతురు, నీడ తప్ప పెద్దగా కనబడదు. భార్య ముందే పోయింది. పొద్దున లేచి గుమ్మం ముందు కూర్చుని, నక్కలబండ వైపు చెవి పెట్టేవాడు. అతను మానేసిన తర్వాత, ఉచ్చులు లేని ఆ గుట్ట మీద పిట్టలు మళ్ళీ పెరిగాయి. "ఇయ్యాల ఆరు జాగల కాడ అరిచినయ్ అల్లుడా" అని నాకు చెప్పేవాడు. నా రిపోర్టులో సగం ఆ గుమ్మం దగ్గర తయారయ్యేది.

మా బీట్ ఆఫీసర్ శిరీష మేడం వయసులో నా చిన్న కూతురికంటే చిన్నది. నన్ను తాతా అనేది. ఆ రోజు నక్కలబండకు వేటగాళ్ళు వస్తున్నారని ఆమెకు కబురు అందింది. మేమిద్దరం, ఆమె పైఅధికారి సెక్షన్ సారు, ఇంకో వాచర్ తెల్లవారకముందే బయలుదేరినా, గుట్ట కింద చేరేసరికి బాగా వెలుగొచ్చింది. పైన అప్పటికే ఎంతసేపటి నుంచో అరుపు సాగుతోంది.

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. రాజిగాడి గొంతు అది. అరుపు చివర గొంతు జారి చిన్న దగ్గు లాగా వచ్చేది దానికి. ఇంకే పిట్టకూ అలా రాగా నేను వినలేదు.

"ఏమైంది తాతా?" అంది శిరీష మేడం.

"ఇది బాలన్న పిట్ట గొంతు మేడం. ఆ పిట్ట సచ్చిపోయింది."

"ఏంది?"

"నేనే మన్ను పోసిన."

ఆమె నా నుదురు మీద చెయ్యి పెట్టి చూడబోయింది, జ్వరమొచ్చిందనుకుని. అంతలో సెక్షన్ సారు విజిల్ వేశాడు. పొదల వెనక నుంచి పోరగాళ్ళు లేచి పరుగు పెట్టారు. కింద బండ్లు స్టార్టయిన చప్పుడు. మా కాళ్ళు వాళ్ళ కాళ్ళతో సాగలేదు. పైకి ఎక్కితే ఉచ్చుల వరుస, పొదలో ఇంకా అరుస్తున్న స్పీకరు. దానికి ఎదురుగా, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని బాలన్న కూర్చున్నాడు.

"ఎవరది?" అన్నాడు మా అడుగులకు.

"నేను మామా. నువ్వేంది ఈడ?"

"రాజిగాడు పిలుస్తుండు గదరా. నీకినిపిస్తలేదా?"

"అది సచ్చె గద మామా."

"నాకు తెల్వదారా? సచ్చినోడు పిలుస్తుంటే పోకుంట ఎట్లుంటరు? దాని రక్తమేమో, పిల్లనో గిల్లనో ఉన్నదేమో అనుకొని వచ్చిన. తడుముకుంట తడుముకుంట ఎక్కిన."

శిరీష మేడం వంగి స్పీకరును చేతిలోకి తీసుకుంది. దగ్గరగా వచ్చేసరికి బాలన్న తల పక్కకు వంచి విన్నాడు. మొహం మారింది.

"ఎనకకు ఎడ్ల గంటలు వస్తున్నయ్. ఎవడో 'ఒక్కటే మాట' అంటుండు. ఇది పెబ్బేరు సంత!"

నేనూ విన్నాను. నిజమే. మనిషి లేని గుట్ట మీద ఎద్దుల బేరం. అప్పుడు గుర్తొచ్చింది. రాజిగాడు బతికున్నప్పుడు బాలన్న ఒక శనివారం పంజరంతో సంతలో కూర్చుంటే ఎవరో పిల్లవాడు ఫోనుతో వీడియో తీశాడు. చాయ్ తాగించాడు, తాతా తాతా అని కథలు అడిగాడు. "నా పిట్ట దేశమంత తిరుగుతదంట" అని బాలన్న మురిసిపోయి చెప్పాడు నాకు. అలాగే తిరిగింది. ఆ వీడియోలోంచి అరుపు ఒక్కటే కత్తిరించి ఎవరో పెట్టారు. అది ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోయి పోయి, పుట్టిన గుట్టకే వచ్చింది.

సంతకం

కథ అక్కడ అయిపోతే బాగుండేది. సెక్షన్ సారు బాలన్నను జీపు ఎక్కించాడు.

ఆయనను చెడ్డవాడని అనను. అంతకుముందు రెండుసార్లు ఆ గుట్ట మీద తీసిన వేట వీడియోలు పెద్ద సార్ల కంటబడి ఈయనకు బాగా తిట్లు పడ్డాయి. ఈసారి ఎవరో ఒకరు దొరకాలి. దొరికినవాడు పాత ముద్దాయి. ఉచ్చుల మధ్య ఉన్నాడు. పైగా అరుస్తున్నది అతని పిట్ట గొంతే అని నా నోటితోనే అన్నాను. ఆఫీసులో పంచనామా రాసి నా ముందు పెట్టాడు. చదివాను. ముద్దాయి బాలన్న ఇతరులతో కలిసి ఉచ్చులు పన్ని, శబ్దయంత్రంతో పిట్టలను ఆకర్షిస్తుండగా పట్టుబడ్డాడు. సాక్షి నర్సింలు.

"సారూ, ఇది నేను సూడలే."

"సూసిందే రాసిన. ఆడ దొరికిండా లేదా?"

"దొరకలే. కూసున్నడు."

"నర్సింలూ, రిటైరయ్యే ముందల నాకు పరేషాన్ పెట్టకు. పెద్ద సారు ఫోన్ల మీద ఫోన్లు. పాత దొంగ, ఉచ్చుల నడుమ ఉండె. కళ్ళు కనిపించవని కోర్టుల చెప్పుకుంటడు. కోర్టే ఇడిసిపెడతది."

"కోర్టు ఇడిసిపెట్టేదాక యాడుంటడు సారూ?"

ఆయన పెన్ను మూత తీసి నా ముందు పెట్టాడు. వరండాలో బెంచీ మీద బాలన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు. "నన్ను పాలమూరు జైలుకు తోలుతరా అల్లుడా? ఆడ పొద్దుగాల పిట్టలినిపిస్తయా?" అని అడిగాడు. అతనికి భయం కేసు గురించి కాదు. గుమ్మం పోతుందని. కళ్ళు లేనివాడికి తెలిసిన గుమ్మం, తెలిసిన గుట్ట పోతే ఇంకేం ఉంటుంది?

నేను సంతకం పెట్టలేదు. సారు ఇంకో వాచర్‌ను పిలిచాడు. ఆ కుర్రాడికి ఉద్యోగం పర్మనెంటు కాలేదు. పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. అతన్ని తిట్టే హక్కు నాకు లేదు. సాయంత్రంలోపు అతను పెడతాడని నాకు తెలుసు, సారుకు తెలుసు.

శిరీష మేడం పొద్దటి నుంచి ఒక మూల కూర్చుని ఫోను చూస్తూనే ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవలేదు. నాకు కోపం వచ్చింది. ముసలోడి బతుకు పోతుంటే ఈ పిల్ల వీడియోలు చూస్తుందే అని. ఆ మాట అనేశాను కూడా.

"వీడియోలే సూస్తున్న తాతా" అంది తలెత్తకుండా. "గిసుంటోళ్ళు పట్టి ఊకుంటరా? చూపియ్యకుంట ఉండలేరు. జర ఓపిక పట్టు."

పొద్దు వాలుతుండగా "తాతా, రా" అని పిలిచింది. ఆ పోరగాళ్ళే. గుట్ట మీది నుంచి పారిపోయినవాళ్ళు, పారిపోవడాన్ని కూడా సాహసంలాగా పెట్టుకున్నారు. మొదట్లో నక్కలబండ, కింద మ్యాపు గుర్తు. తర్వాత ఒకడు ఉచ్చులు పాతుతూ పళ్ళికిలించి మాట్లాడుతున్నాడు. మొహం అద్దంలో చూసినంత బాగా ఉంది. వాడి వెనక దూరంగా, కర్రతో నేల తడుముకుంటూ ఒక ముసలాయన ఎక్కి వస్తున్నాడు. వీడియో తీసేవాడి గొంతు: "అరేయ్, ఈ తాతెవడ్రా? పిట్ట బెదురుతది, పొమ్మను." ఇంకొకడు: "ఏ, ఊకో. కండ్లు గూడ కనిపిస్తలెవ్. కూసోనీ."

ఫోను తీసుకుపోయి సారు ముందు పెట్టింది. ఆయన ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు. తాను రాసిన కాగితాన్ని మడిచి, చింపి, చింపిన ముక్కలు తన జేబులోనే పెట్టుకున్నాడు. "చాయ్ తెప్పియ్యి, అందరికి" అన్నాడు. బాలన్న కూర్చున్న బెంచీ వైపు రాకుండా లోపలికి పోయాడు. మొహమాటం అనుకుంటాను. ఆ పోరగాళ్ళు మర్నాడు పట్నంలో దొరికారు. వాళ్ళ కథ వాళ్ళది.

ఒకటి చెప్పాలి. నా నలభై ఏళ్ళ చెవి ఆ రోజు బాలన్నను జైలు దాకా తీసుకుపోయింది. ఆ పిల్ల ఫోను వెనక్కి తెచ్చింది. కాబట్టి పాతదంతా బంగారం, కొత్తదంతా మట్టి అని నా దగ్గర ఎవరూ అనకండి. కానీ చెవి లేకుండా ఫోను ఒక్కటి పట్టుకుని బీడులోకి పోయేవాళ్ళను చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. ఆ పొద్దుల్లో ఏముండేదో వాళ్ళకు తెలియదు. తెలియనిదాన్ని ఎలా కాపాడతారు?

ఇంటికి

చీకటి పడకముందే బాలన్నను ఇంట్లో దించాలని మేడం తన బండి తీసింది. నడుమ బాలన్న, వెనక నేను. నక్కలబండ పక్కకు వచ్చేసరికి బాలన్న ఆమె భుజం తట్టాడు.

"జర ఆపు బిడ్డా. నీ ఫోన్ల నా పిట్ట ఉన్నదన్నవ్ గద?"

"ఆ, సాక్ష్యానికి దింపుకున్న."

"ఒక్కసారి వినిపియ్యి. ఇంటికాడ నాకెవరు వినిపిస్తరు?"

ఆమె నా వైపు చూసింది. బీడులో ఫోను అరుపు పెట్టకూడదు. అది నేను ఆమెకు చెప్పాలి. చెప్పలేదు.

ఎడ్ల గంటల మధ్య నుంచి రాజిగాడి అరుపు వినిపించింది. బాలన్న ఫోను వైపు మొహం పెట్టాడు, చలిమంటకు పెట్టినట్టు. చివర ఆ దగ్గు వచ్చినప్పుడు పెదవులు కదిలాయి. రెండోసారి అరుపు మొదలయ్యేలోపే గుట్ట మీది నుంచి ఇంకో గొంతు లేచింది. నిజమైనది. రోషంగా. మళ్ళీ అరిచింది, ఈసారి దగ్గరగా. రాళ్ళ మధ్య గడ్డి కదిలింది.

బాలన్న చెయ్యి గాలిలో తడిమి ఫోనును పట్టుకుంది.

"ఆపు బిడ్డా, ఆపు. పాపం, అది నిజమనుకొని వస్తుంది."

ఆమె ఆపింది. మేం కదలకుండా నిలబడ్డాం. ఆ పిట్ట చాలాసేపు పిలిచింది. మేమెవరం పలకలేదు. తర్వాత అది కంపలోకి ఎక్కిపోయిన చప్పుడు విని, బాలన్న ఇక పోదామన్నాడు.